అన్నమ్మ తిప్పిన కొళాయి

చింతపండు మండీ మీది గది గడప అవతల అన్నమ్మ నిలబడి ఉంది. చంకలో ఖాళీ బిందె, చేతిలో మడిచిన పత్రిక. తలుపు తీసిన వెంకటేశులు ఆ రెండింటినీ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయిన చోట పోయిన వారం కథ ఆగింది. ఆ బిందెకూ ఆ పత్రికకూ ఉన్న సంబంధం తెలియాలంటే ఒక అడుగు వెనక్కి వెయ్యాలి.

వెంకటేశులు హిందూపురంలో ఒక తెలుగు దినపత్రికకు విలేకరి. పత్రిక మద్రాసులో అచ్చవుతుంది. ఊరి వార్తల కవరు సాయంత్రం ధర్మవరం వైపు వెళ్ళే రైలుబండిలో పడాలి. ఊళ్ళో సభలేమో పొద్దు వాలి, ఎండ చల్లబడి, ఆ బండి వెళ్ళిపోయాక గాని మొదలు కావు. సభ అయ్యేదాకా ఆగి రాస్తే వార్త ఒక రోజు పాతబడుతుంది. అందుకని వెంకటేశులు మధ్యాహ్నం భోజనం కాగానే కూర్చుని, ఇంకా జరగని సభను జరిగిపోయినట్టు రాసి పంపేస్తాడు. ఊరికంతా తెలిసిన పద్ధతే ఇది. ఎవరూ తప్పు పట్టలేదు. ప్రసంగాలు చెయ్యాల్సిన పెద్దమనుషులు పొద్దున్నే దారిలో ఎదురై, "ఏమబ్బా, సాయంత్రం నేనేం మాట్లాడినాను?" అని అడిగి, విని, తలాడించి, అదే మాట్లాడేవాళ్ళు.

వచ్చే ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్న మండీ నారాయణప్ప శెట్టి, తన నూనె మిల్లు తొట్టి నుంచి గొట్టం వేయించి సుద్దగుంట వీధికి కొళాయి దానం చేస్తానన్నాడు. ప్రారంభోత్సవం రోజున వెంకటేశులు ఎప్పటిలాగే మధ్యాహ్నం రాసి పంపాడు. ప్రారంభోత్సవం జరగలేదు. వార్త మాత్రం అచ్చయింది.

"లోపలికి రా, అన్నమ్మా," అన్నాడు వెంకటేశులు.

"ఈడే సాల్లేప్పా."

ఆమె గడప అవతల పైమెట్టు మీద కూర్చుని బిందెను పక్కన పెట్టుకుంది. ఏళ్ళ తరబడి ఈ గది కిందనే, మండీలో, చింతపండు కొట్టి గింజ తీసే పని చేస్తోంది అన్నమ్మ. ఆమె సుత్తి చప్పుడు అతనికి గడియారం లాంటిది. అయినా ఆమె ఏనాడూ ఈ గడప తొక్కలేదు, అతను ఏనాడూ రమ్మనలేదు. ఇవాళే మొదటిసారి రమ్మన్నాడని ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఇద్దరూ చూపు పక్కకు తిప్పుకున్నారు.

"చదువప్పా," అంది పత్రిక చాపుతూ.

"ఏమి చదివేది?"

"నా సంగతి. కింద గుమాస్తా రామాంజినేయులు చదివినాడు గానీ నవ్వుకుంటా చదివినాడు. రాసింది నువ్వు గదా, నువ్వు చదువు."

తిట్టడానికి వచ్చిందనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. పత్రిక అందుకుని, తన రాత తనే ఎవరిదో అయినట్టు చదివాడు.

"'హిందూపురం. స్థానిక సుద్దగుంట వీధిలో శ్రీ నారాయణప్ప గారి ఔదార్యముతో ఏర్పాటైన మంచినీటి కొళాయి ప్రారంభోత్సవము మిక్కిలి వైభవముగా జరిగినది. శ్రీ నారాయణప్ప గారి కోరికపై ఆ వీధి నివాసిని శ్రీమతి అన్నమ్మ కొళాయి తిప్పగా నీరు ధారగా పారినది. సభికులు కరతాళధ్వనులు చేసిరి.'"

"శ్రీమతి అంటే నేనేనా?"

"నువ్వే."

"ఇంగో తూరి చదువు. ఆడ నుంచే."

మళ్ళీ చదివాడు. 'నీరు ధారగా' అన్నచోట గొంతు దానంతటదే తగ్గింది.

"కడాన ఏమో చేసిరి అన్నావే?"

"చప్పట్లు కొట్టినారని."

"ఎవురు కొట్టినారప్పా?"

వెంకటేశులు పత్రిక మడిచాడు. మడత సరిగా రాలేదు. విప్పి మళ్ళీ మడిచాడు.

అన్నమ్మ తన చేతులను చూసుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. చింతపండు పులుసుకు ఆమె వేళ్ళు నల్లబడి, కొసలు పగిలి ఉన్నాయి.

"ఆ పొద్దు మండీలో మిగిలిన పీచు తీసుకుపోయి అందురమూ బిందెలు తోమితిమి. బంగారు మాదిరి మెరిసె. మారెమ్మ ముసిల్ది ఉతికిన కోక కట్టుకోని వచ్చి ముందర కూచునె. కుర్చీలు తెచ్చిరి, మైకు పెట్టిరి. పొద్దు మునిగె. శెట్టి రాలేదు. రామాంజినేయులు సైకిలేసుకోని వచ్చి, 'శెట్టి యాపారం పని మీద పెనుకొండకు పోయినాడు, ఈ పొద్దు లేదు పోండి' అని చెప్పి కుర్చీలు బండికెక్కించె. మైకులో పాట నడాన నిలిపేసె. సరే, ఇంగో దినం ఇస్తారులే అనుకుంటిమి. మూడోనాడు నీ పేపరొచ్చె."

"గొట్టం పని?"

"నీ పేపరొచ్చిన పొద్దే నిల్చిపాయ. మిల్లు కాడ మిగిలిన కాలవ తవ్వుతాండిన కూలోళ్ళను పిలుచుకోని పోయినారు. కొళాయి మా వీధిలో ఉండాది, తొట్టి మిల్లులో ఉండాది, నడాన గొట్టం లేదు. అడిగితే రామాంజినేయులు ఏమన్న్యాడో తెల్సా? 'నీళ్ళు పారినట్ల పేపర్లో పడింది గదా, ఇంగా ఎన్ని తూర్లు ఇయ్యల్ల మీకు?' అన్న్యాడు."

"మరి నీళ్ళకు యాడికి పోతాండారు?"

"ఇన్నాళ్ళూ రెడ్డి తోటకు పోతాంటిమి. బావిలో కపిల తోలి నీళ్ళు తోడేటప్పుడు పట్టుకోనిస్తాండె. ఇప్పుడు ఆయప్పా పేపరు చదివె. 'మీకు కొళాయి వచ్చింది గదా, నా బావితో ఏం పని?' అని కట్టె ఎత్తుకుంటాండాడు." ఆమె తలెత్తింది. "ఆ పొద్దు నువ్వు యాడుంటివప్పా?"

ఆ సాయంత్రం అతను ఇదే గదిలో ఉన్నాడు. కిటికీ పక్క మంచం మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు. దూరంగా మైకు పాట వినబడి, మధ్యలో ఆగిపోవడం కూడా విన్నాడు. కరెంటు పోయిందేమో అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించలేదు. రాసి కవరంటించిన క్షణంలోనే ఆ సభ అతనికి అయిపోయింది.

మొదట్లో ఇలా ఉండేవాడు కాదు. మధ్యాహ్నం రాసినా సాయంత్రం సభకు వెళ్ళి వెనక నిలబడేవాడు. కానీ అక్కడ మనుషులు తను రాసినట్టు ఉండేవాళ్ళు కారు. గంభీరంగా ప్రసంగించారని రాసిన పెద్దమనిషి మాట మధ్యలో ముక్కు చీదుకునేవాడు. అశేష ప్రజానీకం అని రాసిన చోట ఒక కుక్క, ఆ కుక్కను తోలుతున్న ఇద్దరు మనుషులు ఉండేవాళ్ళు. రాను రాను అతనికి అసలు సభ మీదే చిరాకు పుట్టింది. తను రాసిన సభను ఎవరో చేతగానివాళ్ళు అనుకరిస్తున్నట్టు ఉండేది. వెళ్ళడం మానేశాడు. ఊరంతా ఒకచోట చేరిన సాయంత్రాలలో అతనొక్కడే గదిలో ఉండేవాడు. రేపటి పత్రిక చదివే ఊరు అతనికి తెలుసు. ఆ వేళ కింద వీధిలో నడుస్తున్న ఊరు తెలియదు. ఆ ఊరికీ అతను అక్కర్లేకుండా పోయాడు. పని లేకుండా ఈ మెట్లెక్కి వచ్చిన మనిషి ఇన్నేళ్ళలో అన్నమ్మ ఒక్కతే అనుకోబోయి, ఆమె కూడా పని మీదే వచ్చిందని గుర్తొచ్చి ఆగాడు.

"ఈడనే ఉంటి," అన్నాడు.

"ఈడనే? మేము కొట్టని చప్పట్లు ఈడికెట్ల ఇనబడె నీకు?"

అతను పత్రికను మంచం మీద పెట్టాడు.

"పోనీ, నా పేరెందుకు పెడితివి? మారెమ్మ ఉండాది, నాకంటే పెద్దది. మేస్త్రీ పెండ్లాముండాది, నాలుగు మాటలొచ్చినది."

దానికి జవాబు ఉంది. ఆ మధ్యాహ్నం 'కొళాయి తిప్పగా' అన్న మాట దగ్గర కలం ఆగింది. తిప్పేది శెట్టి అని రాయాల్సిందే. సరిగ్గా అప్పుడు కింద మండీలో ఎవరో ఏదో అన్నారు, అన్నమ్మ పెద్దగా నవ్వింది. నేల పలకల సందుల్లోంచి ఆ నవ్వు పైకి వచ్చింది. నవ్వు ఆగేసరికి కాగితం మీద ఆమె పేరు ఉంది. ఒక మనిషికి తనంతట తాను ఏదైనా ఇవ్వడం అతని బతుకులో అరుదు. ఇచ్చాననుకున్నాడు. రెండు రోజులు ఆ సంగతి తల్చుకుని లోలోపల సంతోషించాడు కూడా. ఇప్పుడు అదే వాక్యం ఖాళీ బిందెతో మెట్లెక్కి వచ్చింది.

"సవరణ వేయిస్తా," అన్నాడు ఉన్నట్టుండి.

"అంటే?"

"పడింది తప్పని మళ్ళీ పడుతుంది. కొళాయి తెరవలేదు, నీళ్ళు రాలేదు అని. ఎన్నికల ముందర అట్ల పడితే శెట్టి గొట్టం పని మొదలుపెట్టక తప్పదు."

"నిన్నేమీ అనరా?"

"ఇంకొకర్ని పెట్టుకుంటారు. పెనుకొండ విలేకరి ఎప్పుడు సందు దొరుకుతుందా అని చూస్తాండాడు."

"ఈ గది?"

"గది శెట్టిదే కదా."

అన్నమ్మ మొదటిసారి మెడ చాచి గది లోపలికి చూసింది. మంచం, దండెం మీద రెండు చొక్కాలు, కిరసనాయిలు స్టవ్వు, గోడ వారగా పాత పత్రికల దొంతర. చూసి, మళ్ళీ మెట్టు మీద సర్దుకుంది. వెంకటేశులు కాగితం తీసుకుని వడివడిగా రాసి, చదివి వినిపించాడు.

"'ఇటీవల మేము ప్రచురించిన వార్త వాస్తవము కాదు. కొళాయి ప్రారంభోత్సవము జరగలేదు. శ్రీమతి అన్నమ్మ కొళాయి తిప్పలేదు.'"

"నిలుపు," అంది అన్నమ్మ. "నా పేరు కొట్టేస్తాండావా?"

"తప్పు దిద్దాల కదా."

"నీళ్ళు రాలేదని రాయి. శెట్టి ఇయ్యలేదని రాయి, కావల్సినంత రాయి. నా పేరు మాత్రం తియ్యొద్దు."

వెంకటేశులు కలం పక్కన పెట్టాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. చెప్పాలా వద్దా అని కాసేపు తనలో తనే తూచుకున్నట్టుంది. తర్వాత కింది మెట్లను చూస్తూ చెప్పింది.

"నన్ను కట్టుకున్న ఆయప్ప, ఏసుదాసు, కోలారు బంగారు గనికి పోయినాడు. పొయ్యి శానా ఏండ్లాయ. పోయేటప్పుడు గడపకాడ నిలబడి ఒగ మాటన్న్యాడు. 'ఈ వీధి మలుపు దాటితే నీ పేరెవురికి తెల్సునే? ఉండావా పోయినావా అని అడిగేవాడు గూడా ఉండడు' అన్న్యాడు. అనేసి పాయ. ఆయప్పకు చదువొచ్చు, మిషను బడిలో చదివినాడు. రొళ్ళ ఊరి నరసింహులు ఆ గనికి పోయొచ్చి చెప్పినాడు, ఆడ టీ హోటల్లో మనోళ్ళు గుంపు చేరి తెలుగు పేపరు చదివిచ్చుకుంటారంట. చదివి చెప్పేది మా ఆయప్పేనంట."

"చూసి తిరిగొస్తాడనా?"

"వచ్చి నాకేం చేస్తాడు? రాకుంటేనే మేలు." ఆమె నవ్వింది. పలకల సందుల్లోంచి ఎన్నోసార్లు విన్న నవ్వు. దాని వెనక ఒక ముఖం ఉండటం అతనికి కొత్తగా ఉంది. "అంతమంది నడాన ఆయప్ప నోటితోనే చదివింటాడు గదప్పా, శ్రీమతి అన్నమ్మ అని. చదువుతా చదువుతా ఒగ గడియ నిల్చిపోయింటాడు. అది సాలు నాకు."

కింద ఎవరో మూటలు దించుతున్నారు.

"జరగనిది ఎట్ల రాసేదన్నమ్మా?" అన్నాడు వెంకటేశులు.

మాట బయటికి వచ్చాక అతనికే వింతగా తోచింది. అన్నమ్మ బిందె మీద చెయ్యి కొట్టింది. "ఈ మాట నువ్వంటాండావా! ఇంటే నా బిందె గూడా నవ్వుతాది పో." తర్వాత గొంతు తగ్గించింది. "అయినా జరగలేదని ఎవురు చెప్పినారు నీకు? తిప్పినానప్పా."

"ఏమి?"

"అందురూ ఇండ్లకు పోయిరి. నేనొక్కతే నిల్చుకుంటి. శెట్టి లేకుంటేనేమి, మైకు లేకుంటేనేమి, కొళాయి మా వీధిలోనే ఉండాది గదా అనుకోని, బిందె కింద పెట్టి తిప్పితి. బుస్సుమని గాలొచ్చె. లోపల ఎవురో ఊపిరి ఇడిసినట్ల. ఇంగా తిప్పితి. అంతే. మళ్ళా కట్టేసి ఇంటికి పోతి. ఎవురికీ చెప్పలేదు, నవ్వుతారని."

వెంకటేశులు రాసిన కాగితం చింపేశాడు. కొత్త కాగితం తీశాడు. 'అన్నమ్మ కొళాయి తిప్పింది' అని రాశాడు. విలేకరి రాతలో లేని తేలిక మాటలు. తర్వాత వాక్యం 'గాలి వచ్చింది' అని ఉండాలి. కలం కదల్లేదు. ఆ కొళాయి ఎలా ఉంటుందో, ఏ ఇంటి ముందర ఉందో, తిప్పితే ఎటు తిరుగుతుందో అతను చూడలేదు. ఇంతకాలం చూడనివే రాశాడు. ఈ ఒక్క వాక్యం మాత్రం చూడకుండా రాయడానికి చెయ్యి ఒప్పుకోవడం లేదు.

"పదన్నమ్మా. చూసొచ్చి రాస్తా. బండికి ఇంకా టైముండాది."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఒక గుండీ తప్పు కాజాలో పడింది. ఊరి నడుమ నాలుగు వీధులు దాటి వెళ్ళడానికి ఇంత భయమా?

అన్నమ్మ బిందెతో ముందు నడిచింది. అతను కొంచెం ఎడంగా వెనక నడిచాడు. కూడలి దగ్గర కాఫీ హోటలు యల్లప్ప గల్లా మీద నుంచే కేక వేశాడు.

"ఏమబ్బా విలేకరీ! ఈ వేళప్పుడు బయటికొచ్చినావే? రాసేది అయిపోయెనా?"

"లేదు యల్లప్పా. చూసి రాద్దామని పోతాండా."

యల్లప్ప చేతిలోని గ్లాసు పట్టుకునే ఉండిపోయాడు. "చూసి రాసేదా! ఒళ్ళు బాగుండాదా నీకు?" హోటల్లో కూర్చున్నవాళ్ళు పకపకా నవ్వారు. "రేపు గ్రంథాలయం సభ ఉండాదంట. నేను ముందు వరసలో కూచున్న్యానా, వెనకనా? అది చెప్పిపో, దాన్ని బట్టి చొక్కా ఉతికిచ్చుకుంటా!"

ఇంకెప్పుడైనా అయితే వెంకటేశులు కూడా నవ్వేవాడు. ఇవాళ ఆ నవ్వులో తనకు చోటు లేదని, ఏనాడూ లేదని తెలిసింది. అన్నమ్మ వెనక్కి తిరిగి చూడకుండా, అతను అందుకునేదాకా నడక మాత్రం తగ్గించింది.

సుద్దగుంట వీధి మొదట్లోనే జనం కనిపించారు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య గుమాస్తా రామాంజినేయులు సైకిలు పట్టుకుని ఉన్నాడు. పక్కన హెడ్డు కానిస్టేబులు హనుమప్ప చంకలో కట్టె ఇరికించుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

వెంకటేశులు కొళాయి కోసం వెతికాడు. ఉండాల్సిన చోట రాళ్ళ అరుగు ఉంది. అరుగు మధ్య పెకలించిన గుంత ఉంది. తిరగేసిన మట్టి ఇంకా తెల్లగా ఎండలేదు. కొళాయి లేదు, అది బిగించిన నిలువు గొట్టమూ లేదు.

"అదో, ఆమే అన్నమ్మ!" అన్నాడు రామాంజినేయులు. "రా తల్లీ, రా. శ్రీమతి గారూ!"

"కొళాయి యాడ?" అంది అన్నమ్మ.

"మేమూ అదే అడుగుతాండాము. ఇత్తడి కొళాయి. బెంగళూరు నుంచి తెప్పిచ్చినాడు మా శెట్టి. దానం చేసి వారం తిరక్క ముందే పెరుక్కోని అమ్ముకుంటిరే మీరు! ఇంగ శెట్టిని నీళ్ళడిగే మొగముండాదా మీకు?"

"అమ్ముకునిందెవురు రా?" మారెమ్మ ముసలిది ముందుకు వచ్చింది. "మధ్యాన్నం అందురూ పనులకు పోయినాక మీ మిల్లు ఎద్దులబండి వచ్చిపాయ. నేను చూస్తి."

"నీకు కండ్లు యాడుండాయవ్వా చూసేకి? పొయ్యి గమ్మున కూచో."

హెడ్డు హనుమప్ప అందరినీ ఊరుకోమన్నట్టు కట్టె ఎత్తాడు. అతనికి ఈ పని త్వరగా తెమిలిపోవాలని ఉంది. జేబులోంచి పత్రిక తీశాడు. అదే పత్రిక, అదే వార్త, చుట్టూ ఎర్ర పెన్సిలు గీత.

"నేనేం సొంతంగా చెప్పడం లేదు. పేపర్లో ఉండాది. నీళ్ళు పారినాయి, జనం చప్పట్లు కొట్టినారు. కొళాయి ముట్టుకున్నట్ల ఈడ రాసింది ఒకే మనిషి పేరు. అన్నమ్మ." అప్పుడు అతని చూపు వెంకటేశులు మీద పడింది. మర్యాదగా నవ్వాడు. "సమయానికి వచ్చినారు సార్. రాసింది మీరే. మీ నోటితో ఒక్క మాట చెప్తే నేను రాసుకోని పోతా. ఆ పొద్దు మీరు చూసినారు గదా?"

రామాంజినేయులు సైకిలు బెల్లు మీద వేలితో మెల్లగా తట్టాడు. "చూడకుండా రాస్తాడా సార్? మా శెట్టి గదిలోనే గదా ఉండేది."

వీధి అంతా తన వైపు చూస్తోంది. ఇంతమంది తనను ఒకేసారి చూడడం వెంకటేశులుకు గుర్తున్నంతలో ఇదే మొదలు. వాళ్ళ ముఖాల్లో కోపం లేదు. అతను ఎవరో వాళ్ళకు తెలియదు, అంతే. ఇన్నేళ్ళూ వీళ్ళను రాశాడు. 'ప్రజలు' అని రాశాడు, 'సభికులు' అని రాశాడు. ఒక్క ముఖం ఆనవాలు పట్టలేకపోతున్నాడు.

చూశానంటే ఉద్యోగం ఉంటుంది, గది ఉంటుంది. నీళ్ళు పారినట్టే. కొళాయి ముట్టుకున్నది అన్నమ్మే, అది పోయిన నేరమూ అన్నమ్మదే.

"నేను ఆ పొద్దు ఈడికి రాలేదు," అన్నాడు.

హనుమప్ప పెన్సిలు ఆగింది. "ఏమి సార్?"

"రాలేదు. గదిలో కూర్చుని ముందే రాసి పంపినా. నీళ్ళు పారింది అబద్ధం. గొట్టం మిల్లు తొట్టి దాకా పోనే లేదు, పోయి చూసుకోండి."

రామాంజినేయులు ముఖంలో నవ్వు మాయమైంది. ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. హనుమప్ప పత్రికనూ వెంకటేశులునూ మార్చి మార్చి చూశాడు.

"సరే. నీళ్ళ సంగతి తర్వాత. ఈమె కొళాయి తిప్పిందా, లేదా? నాకు కావల్సింది అది."

తిప్పింది. ఆ సంగతి తెలిసింది ఆమెకు, తనకు. జేబులో కాగితం మీద ఆ ఒక్క వాక్యమే ఉంది. తన చేత్తో రాసిన వాటిలో అదొక్కటే నిజమైన వార్త. 'అవును' అంటే ఇప్పుడే ఆమెను స్టేషనుకు నడిపిస్తారు. 'లేదు' అంటే వదిలేస్తారు.

"తిప్పలేదు," అన్నాడు. అన్నమ్మ వైపు చూడలేకపోయాడు. "తిప్పేవాళ్ళ పేరు ఏదో ఒకటి కావల్సి వచ్చింది. ఆమె పేరు పెట్టినా. ఈ వీధిలో నాకు తెలిసిన పేరు అదొక్కటే."

చెప్పాక అతనికి బరువు దిగినట్టయింది. ఆమెను కాపాడాననుకున్నాడు. ఎవరికోసమైనా తను ఒక పని చేశాడు, నలుగురి ముందర, నోటితో చేశాడు. ఆ తృప్తి కళ్ళలోకి రాకముందే పక్కన బిందె నేలను తాకిన చప్పుడు వినిపించింది.

అన్నమ్మ అతన్ని దాటి ముందుకు నడిచింది. గుంత పక్కన, కొళాయి ఉండాల్సిన చోట నిలబడింది.

"ఆయప్ప అబద్ధం చెప్తాండాడు సారూ. తిప్పినా. ఈ చేత్తోనే తిప్పినా."

"అన్నమ్మా!" అన్నాడు వెంకటేశులు.

"నువ్వు గమ్మునుండప్పా. నీ కాగితం మీద నా పేరు పెట్టేటప్పుడు నన్నడగలేదు. తీసేటప్పుడూ అడగవా?"

మారెమ్మ ఆమె చెయ్యి పట్టి లాగింది. "పిచ్చిదానా, జైల్లో ఏస్తారే!" అన్నమ్మ చెయ్యి విడిపించుకుంది. ఆమె చూపు వీధి మలుపు మీద ఉంది. అక్కడ ఎవరూ లేరు.

రామాంజినేయులు ముఖం మళ్ళీ విచ్చుకుంది. "ఇనండి సార్, ఆమె నోటితోనే!"

హనుమప్ప పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. "బాగా ఆలోచించుకోని చెప్పు. నువ్వు తిప్పినావంటే పోయిన వస్తువుకు నువ్వే జవాబు చెప్పల్ల. తిప్పింది చూసినోళ్ళు ఎవురన్నా ఉన్న్యారా?"

"ఉన్న్యారు."

"ఎవురు?"

అన్నమ్మ నల్లబడిన వేలు చాపి వెంకటేశులును చూపించింది.

"ఆయప్పే. నా పక్కనే నిలబడుండె. చప్పట్లు గూడా కొట్టె."

ఊరి అవతల స్టేషనులో ధర్మవరం బండి కూత వేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అందులో వెంకటేశులు కవరు లేదు. హనుమప్ప పెన్సిలు మొన నాలుక మీద తడి చేసుకుని అతని వైపు తిరిగాడు.

"ఏం సార్? ఇద్దరిలో ఎవురి మాట రాసుకోమంటారు?"